అనాసపువ్వు కషాయం టామిఫ్లూ కాదు

"టామిఫ్లూ తయారయ్యేది అనాసపువ్వుతోనే. చైనా వైద్యంలో వేల ఏళ్లుగా ఉన్నదే. మాత్ర కన్నా చైనా మూలికలతోనే జ్వరం త్వరగా తగ్గిందని ట్రయల్‌లో తేలింది. సైడ్ ఎఫెక్ట్స్ లేవు, పిల్లలకు నిశ్చింతగా పట్టించండి."

ఫ్లూ రోజులు వస్తే చాలు, ఈ మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతుంది. మొన్న మా మరదలు ఫోన్ చేసి, "బావగారూ, ఇది బాబుకి పట్టించమంటారా?" అని అడిగింది. మూడేళ్ల పిల్లాడికి 103 జ్వరం. అప్పటికే స్టవ్ మీద గిన్నెలో నాలుగు పువ్వులు మరుగుతున్నాయి. ముందు స్టవ్ కట్టేయమన్నాను.

అనాసపువ్వు సంగతిలో సగం నిజముంది. ఫ్లూకి వాడే టామిఫ్లూలోని మందు పేరు ఒసెల్టామివిర్. దాని ముడిసరుకైన షికిమిక్ ఆమ్లాన్ని చైనాలో పండే అనాసపువ్వు నుంచి తీసేవారు. కానీ ఆ ఆమ్లమే మందు కాదు. ఫ్యాక్టరీలో ఎన్నో రసాయన చర్యలు దాటాకే అది ఒసెల్టామివిర్ అవుతుంది. టామిఫ్లూ కంపెనీ రోష్ నుంచి లైసెన్సు తీసుకుని మన హైదరాబాద్‌లోని హెటెరో తయారుచేసిన ఫ్లూవిర్‌లో ఉన్నదీ ఆ మందే. గిన్నెలో పొద్దస్తమానం మరిగించినా ఆ మార్పు రాదు.

పైగా ప్రమాదం ఉంది. అచ్చం అనాసపువ్వులాగే కనిపించే జపాన్ రకం ఒకటుంది, అది విషం. ఎండిపోయాక ఏది ఏదో కంటితో పోల్చుకోలేం. ఈ టీ తాగినవారిలో, పసిపిల్లలతో సహా, ఫిట్స్ వంటివి కనిపించడంతో 2003లో అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ అనాసపువ్వు టీ తాగొద్దని హెచ్చరించింది. బిర్యానీలో వేసిన ఒకటి రెండు పువ్వులు ఇంటిల్లిపాదికీ పంచుకుపోతాయి. ఈ కషాయమంతా ఒక్క పసివాడి కడుపులోకే పోతుంది.

ఇక ట్రయల్. అది నిజంగానే జరిగింది. 2009 స్వైన్‌ఫ్లూ సమయంలో చైనాలో 410 మంది మీద చేశారు, 2011లో అచ్చయింది. మందేమీ ఇవ్వనివారికి సుమారు 26 గంటల్లో జ్వరం తగ్గితే, ఒసెల్టామివిర్‌తో 20, మూలికల కషాయంతో 16 గంటలు పట్టింది. తీసిపారేయాల్సిన ఫలితం కాదు. కానీ అందులో చేరినవారి వయసు 15 నుంచి 69. మూడేళ్ల పిల్లలు ఒక్కరూ లేరు. ఆ కషాయంలో పన్నెండు దినుసులున్నాయి, అనాసపువ్వు మాత్రం లేదు. పోల్చడానికి ఉత్తుత్తి మందు కూడా ఇవ్వలేదు కాబట్టి, ఎవరు మందు తాగుతున్నారో అందరికీ తెలుసు. ఆ నమ్మకమే ఫలితాన్ని కొంత మార్చి ఉండొచ్చు.

సైడ్ ఎఫెక్ట్స్ లేవనడం అబద్ధం. ఆ పన్నెండింటిలో ఒకటైన మాహువాంగ్ అనే మొక్కలో గుండె వేగం, బీపీ పెంచే ఎఫిడ్రిన్ ఉంటుంది. ఆ మొక్కతో చేసిన సప్లిమెంట్లను అమెరికా 2004లో నిషేధించింది. ఒసెల్టామివిర్‌తోనూ వాంతులవుతాయి, అయితే పిల్లాడి బరువును బట్టి ఎన్ని ఎంఎల్ పోయాలో లెక్క ఉంది. "నాలుగు పువ్వులు, గ్లాసు నీళ్లు" అనేదానికి ఆ లెక్క లేదు.

వేల ఏళ్ల మాటకొస్తే, చైనా వైద్యాన్ని నేను చిన్నచూపు చూడను. మలేరియాకు ఆర్టెమిసినిన్ అక్కడి పాత గ్రంథం చూపిన దారిలోనే దొరికింది. దానికే చైనా శాస్త్రవేత్త తు యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. కానీ ఆవిడ ఆకును మరిగించలేదు. వేడికి మందు పాడవుతోందని తక్కువ ఉష్ణోగ్రతలో తీసి, జంతువుల మీద పరీక్షించి, తర్వాత తనే వేసుకుని చూసి, ఆ తర్వాతే రోగులకు ఇచ్చారు.

మా బాబుని ఆ సాయంత్రమే డాక్టర్‌కి చూపించాం. ఫ్లూ అని తేలింది. ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, మాకు ఇంకా టైముంది. మీ ఇంట్లో పిల్లలు ఎగశ్వాస పీలుస్తున్నా, ఊపిరికి పక్కటెముకలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా, నీళ్లు తాగకపోయినా, ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోయినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.