సవరణ: రైలు 3 గంటలు దాటి ఆలస్యమైతే రీఫండ్

'రైలు గమ్యానికి 3 గంటలు ఆలస్యంగా చేరినా టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది' అని నిన్నటి పోస్టులో ఉంది. అది సరికాదు. లెక్క టికెట్‌లో ప్రయాణం మొదలయ్యే స్టేషన్ దగ్గరే. అక్కడ రైలు బయల్దేరడం 3 గంటలకు మించి ఆలస్యమై, మీరు ఎక్కకపోతేనే పూర్తి రీఫండ్. సికింద్రాబాద్ నుంచి టికెట్ తీసి బోర్డింగ్ కాజీపేటకు మార్చుకున్నా చూసేది సికింద్రాబాద్ ఆలస్యాన్నే. తత్కాల్ కన్ఫర్మ్ టికెట్‌కూ ఇది వర్తిస్తుంది.

చాలామంది డబ్బు పోగొట్టుకునేది సమయం దగ్గరే. ఈ-టికెట్ అయితే రైలు మీ స్టేషన్ నుంచి నిజంగా కదలకముందే ఐఆర్‌సీటీసీలో టీడీఆర్ (రీఫండ్ కోరుతూ ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తు) వేయాలి. కారణాల్లో 'రైలు 3 గంటలకు పైగా ఆలస్యం, ప్రయాణించలేదు' అన్నదే ఎంచుకోండి. చార్ట్ (ప్రయాణికుల తుది జాబితా) పడకముందు తొందరపడి మామూలుగా క్యాన్సిల్ కొడితే ఛార్జీలు కోసేస్తారు, తర్వాత ఆలస్యం చూపించి లాభం లేదు. కౌంటర్ టికెట్‌ను మాత్రం రైలు కదిలేలోపు కౌంటర్‌లోనే ఇచ్చేయాలి. సాయంత్రం 6 గంటల రైలు 9:20కి వస్తుందని చూపిస్తుంటే, 9:20 దాకా ఆగకండి. దారిలో వేగం పుంజుకుని ముందే వచ్చేయొచ్చు, ఆలస్యం 3 గంటల లోపుకు తగ్గితే రీఫండ్ రాదు. టీడీఆర్ వేసే ముందు రన్నింగ్ స్టేటస్ మరోసారి చూసుకోండి.