టోపీ గారికి ఒక ఉత్తరం (2025 జులై)

మహారాజశ్రీ ప్రైస్ క్యాప్ గారికి,

ఇంగ్లండ్‌లో కరెంటు, గ్యాస్ రేట్లకి హద్దు గీసే మీకు, రీడింగ్ ఊరి నుంచి మీ వినియోగదారుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మూడు నెలలకోసారి మారిపోతూ ఇంకా క్షేమంగా ఉన్నారని తెలుస్తూనే ఉంది.

మొన్న శనివారం మధ్యాహ్నం మొత్తం మీకే సమర్పించుకున్నాను. బయట జులై ఎండ. పిల్లలు పార్కుకని బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. నేనేమో ఎక్సెల్ షీటు ముందు, ఏడాదంతా ఒకే రేటుండే ఫిక్స్‌డ్‌లోనే ఉండాలా, మీతోపాటే రేటు మారే వేరియబుల్‌కి మారాలా అని తల పట్టుకుని. సాయంత్రానికి లెక్క తేలింది. మారితే మిగిలేది 62 పౌండ్లు. మారినందుకు కట్టాల్సిన ఎగ్జిట్ ఫీజు కరెంటుకి 50, గ్యాస్‌కి ఇంకో 50.

అసలు నన్ను ఫిక్స్‌డ్‌లోకి తోసిందెవరండీ? ఫిబ్రవరిలో ‘ఏప్రిల్ నుంచి ఏడాదికి 1,849 పౌండ్లు’ అని బెదరగొట్టింది మీరే కదా. హడలిపోయి ఏడాదికి బటన్ నొక్కేశాను. మే నెలాఖర్లో తాపీగా ‘జులై నుంచి 1,720’ అన్నారు.

మిల్టన్ కీన్స్‌లో మా తోడల్లుడున్నాడు. వేరియబుల్ మనిషి. ఏ లెక్కా వెయ్యడు, ఏ మెయిలూ తెరవడు, డైరెక్ట్ డెబిట్ ఎంత పోతోందో కూడా తెలీదు. అతనికి తగ్గింది! గోంగూర వడ్డించుకుంటూ, “ఏం అన్నయ్యా, ఫిక్స్ అయిపోయావట” అన్నాడు. మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఏ ఎక్సెల్ కాలమ్‌లో వేసుకోవాలో చెప్పండి.

సంక్రాంతికి ఇల్లు తాళం వేసి అయిదు వారాలు ఊరెళ్తే, వాడినా వాడకపోయినా కట్టాల్సిన స్టాండింగ్ చార్జీ రోజుకి 90 పెన్నీల పైన నిలబడే ఉంది. దాని సంగతి వేరే ఉత్తరంలో.

మీరంటే హద్దు అని విని తెనాలిలో మా నాన్న, “అంతకు మించి కట్టక్కర్లేదన్నమాట, మంచి దేశంరా” అని మురిసిపోయారు. హద్దు యూనిట్ రేటుకీ స్టాండింగ్ చార్జీకే గానీ బిల్లుకి కాదనీ, ఆ అంకె ఏడాదికి 2,700 యూనిట్ల కరెంటూ 11,500 యూనిట్ల గ్యాసూ వాడే సగటు ఇంటిదనీ చెప్పేసరికి అరగంట పట్టింది. ఆ సగటు ఇంట్లో దోసెల పిండి పొంగడానికి రాత్రంతా ఓవెన్ లైటు వెలగదు. హీటింగు 24లో పెట్టించి, పైన శాలువా కూడా కప్పుకునే అత్తగారు ఉండరు.

క్యాప్ అంటే టోపీయే కదండీ. మా వైపు టోపీ పెట్టడం అంటే ఏమిటో తెలుసా? తెలియకుండానే ఇంతమందికి పెట్టావా? 2019లో పుట్టినప్పుడు 1,137 ఉండేవాడివి. 2023 జనవరికి 4,279కి ఎదిగావు. సర్కారు అడ్డంపడి 2,500 దగ్గర ఆపింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ చలికాలం అత్తగారి శాలువాలోనే మేమంతా దూరేవాళ్లం. నువ్వసలు లేకపోతే కంపెనీలు ఇంకెంత పిండేవో, అదీ తెలుసు. అందుకే పూర్తిగా తిట్టలేక చస్తున్నా.

ఆగస్టు 27 పొద్దున్న ఏడింటికి నీ అక్టోబరు అంకె చెప్తారట. అలారం పెట్టుకున్నాను. అది పెరిగినా తగ్గినా నా రేటు కదలదు, నేను ఫిక్స్‌డ్ కదా. అయినా ఎంతో కొంత పెరుగు స్వామీ. ఆ ఆదివారం తోడల్లుడు మళ్లీ భోజనానికి వస్తున్నాడు.

ఇట్లు,
వచ్చే మార్చి దాకా కదల్లేని
మీ విధేయుడు