ఆఫీసు వైఫైకి కలిపినంత మాత్రాన ఫోన్ ఆఫీసుదైపోదు

కర్నూలులో చిట్టీల ఆఫీసులు, నర్సింగ్ హోమ్‌లు, బట్టల షాపుల సిబ్బంది గ్రూపుల్లో రెండు వారాలుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. కొత్త డేటా చట్టం వచ్చింది కాబట్టి డ్యూటీలో యజమాని అడిగితే సొంత ఫోన్ అయినా లాక్ తీసి ఇవ్వాల్సిందేనట. ఆఫీసు వైఫైకి కలిపిన ఫోన్‌లో వాట్సాప్, ఫోటోలు అన్నీ వాళ్లకు కనిపిస్తాయట. బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేట్ విండోలో చూస్తే మాత్రం ఎవరికీ తెలియదట. ఆఫీసు ల్యాప్‌టాప్ పాడైతే నెల జీతం మొత్తం ఆపుకోవచ్చట.

పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఆఫీసులకు కంప్యూటర్లు, వైఫై బిగించి చూసుకోవడం నా పని. పోయిన వారం బళ్లారి చౌరస్తా దగ్గర ఒక ఆఫీసుకు రూటర్ మార్చడానికి వెళ్లాను. క్యాష్ కౌంటర్లో కూర్చునే అమ్మాయి చేత మేనేజర్ లాక్ తీయించి ఆమె ఫోన్ గ్యాలరీ తిరగేస్తున్నాడు. లెక్కలో నాలుగు వేలు తేడా వచ్చిందంట. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని నిలబడింది తప్ప ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తర్వాత నేను అడిగితే, "చట్టం వచ్చిందంట కదన్నా" అంది. సాయంత్రానికి తేడా దొరికింది: ఒకే రసీదును రెండుసార్లు ఎక్కించారు. అందుకే ఈ మెసేజ్‌ను వదిలెయ్యలేకపోతున్నా.

చట్టం వచ్చిన మాట నిజమే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై చేశారు, ముఖ్యమైన సెక్షన్లకు అక్కడి నుంచి 18 నెలల గడువిచ్చారు. ఉద్యోగ అవసరాలకు, సంస్థకు నష్టం రాకుండా చూసుకోవడానికి ఉద్యోగి వివరాలను విడిగా సమ్మతి తీసుకోకుండా వాడుకోవచ్చని 7వ సెక్షన్‌లో ఉంది. ఎవరో ఈ ఒక్క ముక్కను పట్టుకుని సాగదీశారు. జీతం, హాజరు, బ్యాంకు ఖాతా వివరాలు వాడుకోనిచ్చే మాట అది. మనిషి జేబులోని ఫోన్ తెరిపించే అధికారం అందులో ఎక్కడా లేదు. పైగా 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం సొంతదారు అనుమతి లేకుండా పరికరంలోకి చొరబడటమే తప్పు. మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

డ్యూటీలో ఫోన్ లాకర్‌లో పెట్టమని యజమాని రూలు పెట్టొచ్చు. పేషెంట్ల రిపోర్టులు ఫోటో తీయొద్దని నర్సింగ్ హోమ్ చెప్తే అది న్యాయమైన రూలే, పాటించాలి.

ఇక వైఫై. రూటర్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఏం కనబడుతుందో తెలిసే చెప్తున్నా. ఏ ఫోన్ ఎప్పుడు కలిసింది, ఎంత డేటా లాగింది, ఏ సైటుకు వెళ్లింది: ఇవి తెలుసుకోవచ్చు. మీ గ్యాలరీ నాకు కనబడదు. వాట్సాప్ మాటలు 2016 నుంచి ఇటు ఫోన్‌లో తాళం పడి అటు ఫోన్‌లోనే తెరుచుకుంటున్నాయి, మధ్యలో రూటర్ వాటిని చదవలేదు. అసలు జాగ్రత్త పడాల్సిన చోటు ఇంకొకటి. ఆఫీసు వాళ్లు ఒక యాప్ గానీ, సర్టిఫికెట్ (ఫోన్ నెట్‌లో పంపేదాన్ని వాళ్లు తెరిచి చదవనిచ్చే ఫైలు) గానీ సొంత ఫోన్‌లో వేసుకోమంటే, అది అడిగే అనుమతులు చదవకుండా నొక్కుకుంటూ పోతాం. దారి తెరుచుకునేది అక్కడే. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో టీచర్లకు ముఖం చూపించి హాజరు వేసే యాప్ తెచ్చినప్పుడు, సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలని సంఘాలు నిలదీశాయి. అది సరైన ప్రశ్న. యాప్ తప్పనిసరైతే ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ పెట్టమని అడగండి. ఆఫీసు యాప్‌లు బ్రీఫ్‌కేస్ గుర్తుతో విడిగా ఉంటాయి, ఉద్యోగం మానేసినప్పుడు ఆ భాగమే చెరిగిపోతుంది, పిల్లల ఫోటోలు పోవు.

ఇన్‌కాగ్నిటో ఆ బ్రౌజర్లో హిస్టరీ మిగల్చదు, అంతే. నెట్‌వర్క్ చూసేవాళ్లకు సైటు పేరు తెలుస్తూనే ఉంటుంది.

ఆఫీసు కంప్యూటర్ సంగతి మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. అది వాళ్ల వస్తువు, అందులో ఏం జరుగుతోందో చూసుకునే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. నేను సర్వీసుకు వెళ్లిన మిషన్లలో ఎన్నిసార్లు ఎవరిదో వాట్సాప్ వెబ్ తెరిచే ఉందో చెప్పలేను. ఇంటి గొడవలు, అప్పుల మాటలు, అన్నీ స్క్రీన్ మీదే. ఇంటికి పోయే ముందు ఫోన్‌లో వాట్సాప్ లింక్డ్ డివైసెస్ తెరిచి లాగౌట్ చేయండి. ఇంకో మాట: మానేసేటప్పుడు కస్టమర్ల లిస్టు పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే అదే 43వ సెక్షన్ మనకూ తగులుతుంది.

ల్యాప్‌టాప్ పాడైతే జీతం మొత్తం ఆపడం కుదరదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ (జీతాల చట్టం) ప్రకారం ఆ వస్తువు మీకు ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నష్టం నేరుగా మీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. మీ వాదన వినకుండా కోయకూడదు, జరిగిన నష్టాన్ని మించి కోయకూడదు, అన్ని కోతలూ కలిపినా ఆ నెల జీతంలో సగం దాటకూడదు. కోత పెట్టారంటే ఎంత, ఎందుకు అన్నది రాసివ్వమని అడగండి. ఇవ్వకపోతే ఆ జీతం చీటీ, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ పెట్టండి.