ఇప్పుడా, తర్వాతా?

కంప్యూటర్ అప్‌డేట్లను ఆడిపోసుకోవడం ఈమధ్య మర్యాదస్తుల లక్షణమైపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

మనల్ని అడిగి పని చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు చెప్పండి? కరెంటు చెప్పి పోతుందా? విండోస్ అలా కాదు, పద్ధతిగా అడుగుతుంది: రీస్టార్ట్ ఇప్పుడు చేయమంటారా, తర్వాత చేయమంటారా? ‘వద్దు’ అనే బటన్ ఏదీ అని కొందరి గొణుగుడు. పిల్ల ఒప్పుకుందో లేదో కనుక్కోకుండా ముహూర్తం మాఘంలోనా ఫాల్గుణంలోనా అని అడిగే ఇళ్ళలో పెరిగిన మనకి ఈ గొణుగుడేమిటి?

2016లో విండోస్ 7 వాళ్ళని ఉచితంగా 10కి మారమని మైక్రోసాఫ్ట్ బతిమాలింది. ఆ కబురు నచ్చక మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా ముహూర్తం ఖాయమే. మౌనం అర్ధాంగీకారమన్నారు మన పెద్దలు. మొహాన తలుపెయ్యడం పూర్ణాంగీకారమని వీళ్ళు తేల్చారు. శాస్త్రం పెరగాలంటే ఇలాగే పెరగాలి. అమెరికాలో ఒకావిడ మాత్రం, అడక్కుండా వచ్చిపడిన విండోస్ 10 వల్ల తన కంప్యూటర్ పాడైందని కోర్టుకెక్కి 10,000 డాలర్లు గెలుచుకుంది. పట్టుదల మనిషి.

ఆ టైములో రీస్టార్ట్ చెయ్యకుండా, మనం పనిచేసే వేళలేవో విండోస్‌కి చెప్పుకునే వెసులుబాటు కూడా ఉంది. అయితే రోజుకి 18 గంటలకు మించి ఒప్పుకోదు. మిగతా ఆరు గంటలు మనం పడుకోవాలని కోరుకునేపాటి దయ ఏ మేనేజరుకుంది?

నెట్ సెంటర్లో ఎంట్రన్స్ పరీక్ష హాల్ టికెట్ కోసం నిలబడ్డ కుర్రాణ్ణి చూడండి. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ముప్పై అయిదు శాతం.

“అన్నా, ఇంకెంతసేపు?”

“ముట్టుకోకు తమ్ముడూ, ఆపితే మొత్తం పోద్ది.”

ఆ కుర్రాడి వెనక రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకుని ఒక ముసలాయన, ఆయన వెనక ఇంకో నలుగురు. వంద శాతం అయింది. అందరూ ముందుకు జరిగారు. మిషను ఆరి, వెలిగి, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టింది. ఓర్పు నేర్పడానికి ఇంతకన్నా మంచి బడి ఉంటే చెప్పండి.

2018 అక్టోబరు అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు ఊడ్చేసింది. కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని నవంబరులో మళ్ళీ వదిలింది. మోహబంధాలు తెంచే ఈ సేవకి ఆశ్రమాల్లో అయితే రుసుము కట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం లేదు. 2017 మేలో, ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ విరుచుకుపడింది. దాని విరుగుడు మార్చి అప్‌డేట్‌లోనే వచ్చింది, వేసుకోనివాళ్ళే బోలెడుమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. కాబట్టి తాళం మార్చడం అవసరమే. తాళం మార్చడానికొచ్చినవాడు హాల్లో కుర్చీలు జరిపి, గోడకి తన ప్రకటన అంటించి పోవడం గురించే మన పేచీ అంతా.

ఇక తాజా ఘట్టం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు, అంటే మామూలుగా వచ్చే అప్‌డేట్ల రాక, ఆగింది. 11కి పోదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసరు కొత్తది కావాలి. అంటే ఆనాడు వద్దన్నా వినకుండా 10లోకి లాక్కొచ్చిన మిషన్లలో చాలావాటికి ఈనాడు అర్హత లేదు. కొత్తది కొనుక్కోండని సలహా. అర్హత లేనివాళ్ళ మొహాల్లో మాత్రం ఏదో కొత్త కళ కనిపిస్తోంది. అప్‌డేట్లు దిగే బుధవారం పొద్దున్న మిషను ఆన్ చేస్తే, నేరుగా ఆన్ అవుతోందట.