స్పేస్ ఇంజినీర్స్‌లో తిట్టాల్సింది వేగాన్ని కాదు

అంతరిక్ష నౌకలు కట్టే కంప్యూటర్ ఆట స్పేస్ ఇంజినీర్స్ గురించి, ఆటలు అమ్మే స్టీమ్ సైట్‌లో ఆటగాళ్లు రాసిన అభిప్రాయాలను ఓపికగా చదివితే ఒక వింత కనిపిస్తుంది. మెచ్చుకునేవాళ్లూ మండిపడేవాళ్లూ ఎత్తుకునే విషయం ఒక్కటే. నౌకను ఎక్కడ కోస్తే అక్కడే రెండుగా విడిపోతుందని, సరుకు ఎక్కువైతే ఆగడానికి ఆలస్యమవుతుందని ఒకరు మురిసిపోతారు. అదే భౌతికశాస్త్రం వల్ల, రాత్రంతా కూర్చుని కట్టుకున్న నౌక ఏ కారణమూ లేకుండా శూన్యంలో గింగిరాలు తిరిగి పేలిపోయిందని ఇంకొకరు శాపనార్థాలు పెడతారు. వెయ్యి గంటలు దాటి ఆడినవాళ్లే ఈ ఆట కొనవద్దని సలహా ఇవ్వడం కూడా అక్కడ అరుదేమీ కాదు. ఈ కోపంలో సగం న్యాయమైనదేనని నేనూ ఒప్పుకుంటాను గాని, అది చూపించవలసిన చోట చూపించడం లేదన్నదే నా అభ్యంతరం. ఆటకు ప్రాణమైన లక్షణాన్నే లోపంగా లెక్కగట్టి తిడుతూ, నిర్మాతలు నిజంగా పట్టించుకోకుండా వదిలేసిన సంగతులను మనం తేలిగ్గా పోనిస్తున్నాం.

ఆడనివారి కోసం నాలుగు మాటలు. ప్రాగ్ నగరంలోని కీన్ సాఫ్ట్‌వేర్ హౌస్ ఈ ఆటను 2013 అక్టోబరులో అసంపూర్ణ దశలోనే అమ్మకానికి పెట్టి, 2019 ఫిబ్రవరిలో పూర్తయినట్టు ప్రకటించింది. ఇందులో అన్నీ బ్లాకులే. బ్లాకులు అతుక్కుని ఒకే వస్తువైతే దాన్ని గ్రిడ్ అంటారు. పెద్ద గ్రిడ్‌లో ఒక్కో బ్లాకు 2.5 మీటర్లు, చిన్న గ్రిడ్‌లో అర మీటరు. ఇనుము, నికెల్, కోబాల్ట్, సిలికాన్ తవ్వి, రిఫైనరీలో శుద్ధి చేసి, అసెంబ్లర్‌లో విడిభాగాలు చేసుకుని, వెల్డర్ పట్టుకుని ఒక్కో బ్లాకునూ నింపుకుంటూ పోవాలి. ప్రతి బ్లాకుకూ బరువు ఉంటుంది. ముందుకు తోసే థ్రస్టర్లు పెట్టి వెనక్కి తోసేవి మరచిపోతే నౌక ఆగదు. మంచుగడ్డ నుంచి హైడ్రోజన్ తీసి ఇంధనంగా వాడుకోవచ్చు. ఇదంతా పదిమంది కలిసి ఒకే లోకంలో చేయవచ్చు. గొడవంతా ఆ పదిమంది దగ్గరే మొదలవుతుంది.

మా ప్రాంతంలో తరచుగా వినిపించే ఫిర్యాదు కక్ష్య గురించి. అందులో ఆశ్చర్యం లేదు. 2022లో జిల్లాల విభజన జరిగాక శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి పీఎస్‌ఎల్‌వీ లేచిందంటే, తూర్పు దిక్కున పైకి పాకే నిప్పుచుక్కను మేడమీద నిలబడి చూడవచ్చు. అలా చూస్తూ పెరిగిన కుర్రవాడు ఈ ఆట తెరిచి, గ్రహం చుట్టూ ఉపగ్రహాన్ని తిప్పుదామని ప్రయత్నించి, అది సాధ్యం కాదని తెలిశాక నిరాశ పడతాడు. ఈ ఆటలో గ్రహాలు కదలవు, సూర్యుడే వాటి చుట్టూ తిరుగుతాడు. కొన్ని పదుల కిలోమీటర్ల ఎత్తు దాటేసరికి గురుత్వాకర్షణ పూర్తిగా ఆగిపోతుంది. భూమిని పోలిన గ్రహం అడ్డుకొలత 120 కిలోమీటర్లు మాత్రమే. ఇన్ని తెలిశాక, దీన్ని భౌతికశాస్త్రం మీద నిలబడ్డ ఆట అని ఎలా అంటారన్నది ఆ కుర్రవాడి ప్రశ్న. ఇది అంతరిక్షయానాన్ని అనుకరించే ఆట కాదని, యంత్రాలు కట్టే ఆట అని నా సమాధానం. ఇందులోని భౌతికశాస్త్రం బరువుకు, తోపుడుకు, ఢీకొనడానికి, విరగడానికి సంబంధించినది. ఖగోళానికి సంబంధించినది కాదు.

వేగ పరిమితి సంగతి ఇంతకంటే పెద్దది. మామూలు అమరికలో ఏ నౌకా సెకనుకు 100 మీటర్లు మించి పోలేదు, అంటే గంటకు 360 కిలోమీటర్లు. ఆటలో వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటికి నేరుగా పోవాలంటే రెండు గంటల ముప్పావు పడుతుంది. కింది కక్ష్యలోని ఉపగ్రహం సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్లు పోతుంటే, వంద మీటర్ల దగ్గర కట్టేయడం నిర్మాతల సోమరితనమని మనవాళ్ల తీర్మానం. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఆట సెకనుకు 60 సార్లు లోకాన్ని లెక్కిస్తుంది. వంద మీటర్ల వేగంలో ఒక లెక్కకూ మరో లెక్కకూ మధ్య నౌక 1.67 మీటర్లు జరుగుతుంది, అంటే ఒక పెద్ద బ్లాకు కంటే తక్కువ. కాబట్టి ఎదురుగా గోడ ఉంటే దాన్ని తాకినట్టు ఆటను నడిపే ఇంజిన్‌కు తెలుస్తుంది. ఉపగ్రహం వేగంలో అయితే అదే వ్యవధిలో 125 మీటర్లు దాటిపోతుంది. మధ్యలో ఏ నౌక ఉన్నా, ఏ మనిషి ఉన్నా ఇంజిన్ వాళ్లను చూడను కూడా చూడదు. అలా దూరిపోకుండా ఆపడానికి వేరే పద్ధతులు ఉన్నాయి గాని, వేలాది బ్లాకులున్న నౌకల మీద, అది కూడా పదిమంది ఒకేసారి ఆడుతుండగా, వాటిని నడపడానికి కంప్యూటర్ మీద పడే భారం భరించలేనిది. ఢీకొన్న చోట లోహం సొట్టపోయే ఆట కావాలో, వేగంగా పోయే ఆట కావాలో ముందు మనం తేల్చుకోవాలి.

పక్క ఆటను చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో కక్ష్యలు అద్భుతంగా ఉంటాయి, కాని పలువురు కలిసి ఆడే మల్టీప్లేయర్‌ను నిర్మాతలు అందులో ఇవ్వలేదు. నెలల తరబడి సాగే ప్రయాణాన్ని నిమిషాల్లో ముగించడానికి అక్కడ కాలాన్ని వేగంగా తిప్పాలి. ఒకే లోకంలో ఇద్దరు ఉన్నప్పుడు ఒకరు కాలాన్ని తిప్పితే రెండోవారి గతి ఏమిటి? రెండో భాగంలో మల్టీప్లేయర్ తెస్తామన్నారు. 2023 ఫిబ్రవరిలో అసంపూర్ణంగా అమ్మకానికి వచ్చిన ఆ ఆట పని మరుసటి సంవత్సరం ఆగిపోయింది, మల్టీప్లేయర్ రానేలేదు. కక్ష్యలు వదులుకుని కలిసి ఆడటాన్ని ఎంచుకున్న స్పేస్ ఇంజినీర్స్‌ను, రెండూ ఇవ్వలేదని తిట్టడంలో అర్థం ఏముంది?

ఇక క్లాంగ్ దేవుడు. పిస్టన్లు, రోటర్లు, హింజులు వంటి కదిలే బ్లాకులు వాడి కట్టిన యంత్రం హఠాత్తుగా వణికి, తన్నుకుని, ముక్కలైపోతే ఆటగాళ్లు ఈ కల్పిత దేవుడికి కోపం వచ్చిందంటారు. రాకెట్ నమూనాను ప్రయోగానికి ముందు శ్రీవారి సన్నిధిలో ఉంచి, సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకునే ఆనవాయితీ ఉన్న జిల్లా కాబట్టి, మావాళ్లకు ఈ హాస్యం చాలా సులభంగా ఒంటబట్టింది. కొత్త డ్రిల్లింగ్ యంత్రాన్ని మొదటిసారి నడిపే ముందు కొబ్బరికాయ కొట్టే బొమ్మను పెట్టనివాడు మా బృందంలో లేడు. అయితే దీని వెనుక మహిమ ఏమీ లేదు. రోటర్‌కు అటూ ఇటూ ఉన్న భాగాలు ఒకే వస్తువుగా కనిపించినా, ఆట ఇంజిన్‌కు అవి రెండు వేర్వేరు గ్రిడ్లు. వాటి మధ్య చిన్న తేడా వచ్చినప్పుడల్లా అది సరిదిద్దే బలాన్ని ప్రయోగిస్తుంది. చిన్న గ్రిడ్‌కు పెద్ద బరువు వేలాడుతుంటే ఆ దిద్దుబాటే కొత్త తేడాను పుట్టిస్తుంది, దాన్ని దిద్దబోతే ఇంకా పెద్దది పుడుతుంది. జడత్వాన్ని రెండు భాగాలూ పంచుకునే అమరిక ఒకటి ఆ బ్లాకుల మెనూలోనే ఉంది. దాన్ని వాడుకుని, పిస్టన్ మీద పిస్టన్ పేర్చుకుంటూ పోకుండా ఉంటే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. మెనూ తెరవకుండానే తిట్టేవాళ్ల మీద నాకు సానుభూతి తక్కువ.

సర్వర్ల విషయంలో మాత్రం సానుభూతి ఉంది. కలిసి ఆడేటప్పుడు భౌతిక లెక్కలన్నిటికీ తుది మాట అందరినీ కలిపే కంప్యూటర్‌ది, అంటే సర్వర్‌దే. దానికి శక్తి చాలకపోతే ఆట ఆగిపోదు గాని, ఆటలో కాలం నడిచే వేగాన్ని చూపే, ఒకటి ఉండవలసిన సిమ్ స్పీడ్ 0.7కో 0.6కో పడిపోయి లోకమంతా నెమ్మదిస్తుంది. అందుకే సర్వర్ నడిపేవాళ్లు, ఒక్కో బ్లాకు కంప్యూటర్ మీద వేసే భారాన్ని కొలిచే పీసీయూ లెక్కతో ఒక్కొక్కరికి ఎన్ని బ్లాకులో హద్దు పెడతారు. పెద్ద నౌక కట్టాలని ఈ ఆట కొన్నవాడికి ఆ హద్దు మొదటి దెబ్బ. మనలాంటివాళ్లకు రెండో దెబ్బ దూరం. తిరుపతి నుంచి జర్మనీలోని సర్వర్‌కు సందేశం పోయి రావడానికి 150 మిల్లీసెకన్ల చుట్టుపక్కల పడుతుంది. పూర్తి వేగంతో పోయే నౌక ఆ వ్యవధిలో 15 మీటర్లు జరిగిపోతుంది, అంటే ఆరు పెద్ద బ్లాకుల దూరం. ఎదుటి నౌక మీద గురిపెట్టి కాల్చినవాడికి గుండు ఎందుకు తగల్లేదో, నౌకను ఆనించి నిలిపే కనెక్టర్ బ్లాకుకు తన నౌకను కలపబోయినవాడు గోడను ఎందుకు గుద్దుకున్నాడో ఈ లెక్కలోనే ఉంది.

ఈ మధ్య మా బృందంలో జరిగిన వాదనకు మూలం కూడా ఇదే. చంద్రగిరి, రేణిగుంట, చిత్తూరు కుర్రవాళ్లం కలిసి తిరుపతి కొర్లగుంటలో ఒక మిత్రుడి ఇంట్లో పాత కంప్యూటర్ మీద సొంత సర్వర్ నడుపుకుంటున్నాం. వేసవిలో కరెంటు పోతే యూపీఎస్ ఉన్నంతసేపే మా విశ్వం. అందులో వేగాన్ని సెకనుకు 300 మీటర్లకు పెంచే మాడ్, అంటే ఆటగాళ్లు తయారుచేసిన మార్పు, పెట్టాలని సగం మంది పట్టుబట్టారు. నేను వద్దన్నాను. మూడు రెట్ల వేగమంటే ఒక్కో లెక్కకు ఐదు మీటర్లు, అంటే రెండు పెద్ద బ్లాకులు. ఆ కంప్యూటర్‌కు ఇప్పుడున్న భారమే ఎక్కువ. పైగా, ప్రయాణం సులువైతే గ్రహానికీ గ్రహానికీ మధ్య స్థావరం కట్టవలసిన అవసరం ఎవరికీ ఉండదు. యురేనియం, ప్లాటినం భూమిని పోలిన గ్రహం మీద దొరకవు కాబట్టే జనం బయటికి పోతారు, దూరం ఉంది కాబట్టే దారిలో ఇంధనం నింపుకునే చోటు కడతారు, ఆ చోటు కోసమే ఇద్దరు స్నేహితులు కలిసి పనిచేస్తారు. వేగం కావాలని అడిగేవాళ్లకు నిజంగా కావలసింది వేగం కాదని నా అనుమానం. చేరుకున్న చోట ఏమీ లేకపోవడం వల్లే దారి పొడవుగా తోస్తోంది.

నా అసలు కోపం ఇక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఈ లోకం ఖాళీగా ఉండిపోయింది. గ్రహాలు 2015లోనే వచ్చాయి. వాటి మీద తోడేళ్లూ సాలెపురుగులూ, పైన ఎప్పుడో ఒకసారి వచ్చే సరుకు నౌకలూ దొంగల డ్రోన్లూ తప్ప ఎదురుపడేది ఏదీ ఉండేది కాదు. వ్యాపార స్థావరాలు, కాంట్రాక్టులు 2019లో వచ్చాయి. ఫిరంగులు, రైల్‌గన్‌ల వంటి చెప్పుకోదగ్గ ఆయుధాలు 2022లో, నౌకలు తమంతట తాము నడిచేలా చేసే బ్లాకులు 2023లో వచ్చాయి. ఎదురునిలిచే వర్గాలను, వెతికి దోచుకోదగ్గ స్థావరాలను తగినంతగా నింపిన కాంటాక్ట్ నవీకరణ 2024 నవంబరులో గాని రాలేదు. ఆట మొదటిసారి అమ్మకానికి వచ్చిన పదకొండేళ్లకు! అప్పటిదాకా ప్రతి సర్వర్ చరిత్రా ఒకేలా నడిచింది. మొదటి వారం అందరూ వస్తారు, రెండో వారం పెద్ద నౌక తయారవుతుంది, దానితో చేయడానికి పని లేక మూడో వారం ఒక్కొక్కరే జారుకుంటారు. భౌతికశాస్త్రం మీద విసుగుతో వెళ్లిపోయినట్టు చెప్పేవాళ్లలో చాలామంది నిజానికి పని లేక వెళ్లిపోయినవాళ్లే.

డబ్బు పెట్టి కొనుక్కునే అలంకరణ ప్యాకుల మీద వచ్చే తిట్లలో సగమే న్యాయం. వాటిలో ఉండేవి ఎక్కువగా కుర్చీలు, కిటికీలు, గోడల రూపాలు. ఆటను మార్చే బ్లాకులు చాలావరకు ఉచితంగానే అందరికీ వచ్చాయి. ఆ ఉచిత భాగానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆలోచించాలి. కొత్తవాళ్లకు ఆట నేర్పే పద్ధతి మీద మాత్రం నేను అంత ఉదారంగా ఉండలేను. రిఫైనరీకి సరుకు మోసే కన్వేయర్ గొట్టం ఎలా కలపాలో, థ్రస్టర్ మంట ఎదురుగా ఉన్న బ్లాకును ఎందుకు కరిగించేస్తుందో ఆట చెప్పి నేర్పేది తక్కువ, యూట్యూబ్‌లో ఎవరో పరాయివాడు నేర్పేది ఎక్కువ. తెలుగులో నేర్పేవాళ్లయితే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

స్పేస్ ఇంజినీర్స్ రెండో భాగం 2025 జనవరి 27న అసంపూర్ణ దశలో విడుదలైంది. పావు మీటరు కొలతతో చిన్నా పెద్దా అన్నీ ఒకే గ్రిడ్‌లో కట్టుకోవచ్చు. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ మొదటి విడుదలలో కలిసి ఆడే వీలు లేదు, వనరుల కోసం కష్టపడే సర్వైవల్ కూడా లేదు. మెరిసే నౌకల చిత్రాలు పంచుకుంటూ అప్పుడే మళ్లీ వేగం గురించి, కక్ష్యల గురించి కోరికల జాబితాలు మొదలయ్యాయి. నిర్మాతలకు రాసేవాళ్లను నేను కోరేది ఒక్కటే. పదిమంది పెద్ద నౌకలతో ఒకే చోట చేరినప్పుడు సిమ్ స్పీడ్ ఎంత నిలబడుతుందో, అందుకు ఎలాంటి కంప్యూటర్ కావాలో ముందు అడగండి. ఆ పదిమందీ కలిసి తలపడవలసిన శత్రువు ఎప్పటికి వస్తాడో దాని వెనుకే అడగండి.