కనెక్షన్ తెంచుకుంటే ఖర్చు తెగుతుందా?

విద్యుత్ సంస్థకు ఓ దరఖాస్తు పెట్టి కనెక్షన్ తీయించుకోవడం పెద్ద పనేమీ కాదు. మరుసటి నెల నుంచి బిల్లు రాదు. ఎందుకంటే రాబోయే పదేళ్ల బిల్లును సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీల రూపంలో ముందే, ఒకేసారి కట్టేసి ఉంటారు. ఉద్యోగాలు పోతున్నాయనో, ధరలు మండుతున్నాయనో వార్తలు ముసిరినప్పుడల్లా ‘ఈ గోలంతా వదిలేసి ఎక్కడో కాస్త భూమి కొనుక్కుని, మన కరెంటు, మన తిండి మనమే చూసుకుందాం’ అనే మాట గట్టిగా వినిపిస్తుంది. ఆ కోరికను నేను ఎగతాళి చేయను. కాకపోతే దానికి స్వేచ్ఛ అని కాకుండా ముందస్తు చెల్లింపు అని పేరు పెట్టుకుంటే లెక్క తేటగా కనబడుతుంది.

రోజుకు 5 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి తీసుకుందాం. పగలు ప్యానెళ్లు నడిపిస్తాయి. రాత్రికి ఓ 3 యూనిట్ల నిల్వ ఉంటే గడిచిపోతుంది. గ్రిడ్, అంటే ఊరంతటికీ కరెంటు తెచ్చే తీగల వ్యవస్థ, వెనకాల ఉన్నంత కాలం ఇంతకు మించి అక్కర్లేదు. తీగ తెంచిన మర్నాడు మాత్రం లెక్క మారిపోతుంది. మూడు రోజులు వరసగా ముసురు పట్టినా ఇల్లు నడవాలంటే 15 యూనిట్లు చేతిలో ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని కూడా పూర్తిగా అడుగంటా వాడరు కాబట్టి 18 యూనిట్లది కొనాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా పాడవుతుంది, అందుకని 30 యూనిట్లది కావాలి. ఏడాదిలో ఎప్పుడో వచ్చే కొన్ని ముసురు రోజుల కోసం ఆరింతలో, పదింతలో నిల్వ! ఖర్చంతా ఆ చివరి మెట్టు దగ్గరే ఉంది. పైగా ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుందన్న మాట నిజమే గానీ, బ్యాటరీకీ, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టర్‌కీ అంత ఆయుష్షు ఉండదు.

ఇంటి మీద సోలార్ ఉంది కదా, కరెంటు పోయినా మనకేం అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ అయితే బయట కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌కు మన ఇంటి కరెంటు షాక్ కొట్టకూడదని దాన్ని అలా తయారుచేస్తారు. మండుటెండలో, నెత్తి మీద ప్యానెళ్లు పెట్టుకుని ఫ్యాన్ తిరగక కూర్చోవాలి. బ్యాటరీ, దానికి తగిన, గ్రిడ్ లేకపోయినా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే ఈ అవస్థ తప్పుతుంది.

సంక్షోభంలో జనం నిజంగా గ్రిడ్‌ను వదిలించుకున్న ఉదాహరణ కావాలంటే లెబనాన్‌ను చూడాలి. 2019లో మొదలైన ఆర్థిక పతనంలో ఆ దేశపు కరెన్సీ విలువ 90 శాతానికి పైగా కరిగిపోయింది. బ్యాంకుల్లో డబ్బు ఇరుక్కుపోయింది. 2021 నాటికి ప్రభుత్వ కరెంటు రోజుకు గంటా రెండు గంటలు వస్తే గొప్ప. జనం ఇంటి పైకప్పుల వైపు చూశారు. 2020లో 100 మెగావాట్ల దగ్గర ఉన్న సౌర సామర్థ్యం 2023 నాటికి 1000 మెగావాట్లు దాటింది. బయటి నుంచి చూస్తే ఇది స్వావలంబన విజయగాథ. లోపలికి వెళ్తే, ప్యానెళ్లు పెట్టించుకోగలిగింది ఎక్కువగా విదేశాల్లో డాలర్లు పంపే బంధువులున్నవాళ్లు, అమ్ముకోవడానికి బంగారమో కారో ఉన్నవాళ్లు. రెక్కాడితేగాని డొక్కాడనివాళ్లు చీకట్లోనే ఉన్నారు, లేదంటే వీధి జనరేటర్ యజమాని చెప్పిన ధర కట్టారు. కష్టకాలంలో పనికొచ్చే ఏర్పాటును కష్టకాలం వచ్చాక కొనడం అందరివల్లా కాదు.

తిండి సంగతికి వస్తే లెక్క ఇంకా మొరటుగా ఉంటుంది. మనిషికి రోజుకు 2000 కేలరీలు అనుకుంటే ఏడాదికి 7,30,000. కిలో ధాన్యం సుమారు 3500 కేలరీలు ఇస్తుంది. అంటే మనిషికి 200 కిలోలు పైచిలుకు, నలుగురికి 800 కిలోలు దాటి. పెరటి మడి ఈ పని చేయలేదు. టమాటాలతోనే ఆ 2000 కేలరీలు రావాలంటే రోజుకు 11 కిలోలు తినాలి! కూరగాయల తోట డబ్బు మిగులుస్తుంది, పోషకాలు ఇస్తుంది, మనసుకు హాయినిస్తుంది. కడుపు నింపేది మాత్రం పొలం. పొలమంటే నీళ్లు, పనిముట్లు, పురుగు, విరిగిన నడుము. నీటి లెక్క ఒక్కటే కాస్త ఆశాజనకం. చదరపు మీటరు పైకప్పు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల కప్పు, 800 మిల్లీమీటర్ల వర్షపాతం ఉంటే, కారిపోయింది పోగా 60 వేల లీటర్ల పైనే పట్టుకోవచ్చు. అదంతా కొద్ది నెలల్లోనే కురిస్తే దాచడానికి తొట్టి ఎక్కడ కట్టాలన్నది వేరే టెన్షన్.

తిండి విషయంలో నాకు నమ్మదగిన అనుభవం సోవియట్ యూనియన్ కూలిపోయాక రష్యాది. జీతాలు నెలల తరబడి ఆగిపోయిన ఆ 1990లలో జనం శని ఆదివారాలు రైళ్లెక్కి ఊరి బయట తమ తోటలకు వెళ్లారు. ఆ దశాబ్దం చివర్లో దేశంలో పండిన బంగాళాదుంపల్లో 90 శాతం దాకా ఇలాంటి కుటుంబాల చిన్న చిన్న కమతాల నుంచే వచ్చాయి. అయితే వాళ్లెవరూ ఫ్లాటు వదిలిపోలేదు. నగరంలో వేడినీళ్ల గొట్టాలు, మెట్రో, వస్తుందో రాదో తెలియని ఉద్యోగం అన్నీ అలాగే పట్టుకుని, ఒక్క దుంపల విషయంలో మాత్రం బజారు మీద ఆధారపడటం మానేశారు. నన్నడిగితే ఆ సగం సగం బతుకులోనే తెలివి ఉంది.

పూర్తిగా భూమి మీదే నిలబెట్టాలని చూసిన ప్రయత్నం కూడా ఉంది, అదీ సాక్షాత్తూ ప్రభుత్వం చేసినది. అమెరికాలో మహా మాంద్యం నడుస్తుండగా 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వెస్ట్ వర్జీనియాలో ఆర్థర్‌డేల్ అనే ఊరిని మొదలుపెట్టింది. పని పోయిన బొగ్గు గని కార్మికులకు ఇల్లు, కొన్ని ఎకరాల నేల ఇచ్చి, తిండి వాళ్లే పండించుకుంటారని, చేతి ఖర్చుకు పక్కనే ఫ్యాక్టరీ వస్తుందని అనుకున్నారు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ స్వయంగా పట్టించుకున్నారు. తొందరలో తెప్పించిన మొదటి ఇళ్లు వేసవి విడిదికి సరిపోయే పలుచని గోడలవి. అప్పటికే కట్టిన పునాదులకూ సరిపోలేదు. అదంతా దిద్దుకోగలిగారు. దిద్దుకోలేనిది నగదు. పోస్టాఫీసులకు ఫర్నిచర్ చేసే ఫ్యాక్టరీ పెడదామంటే ప్రైవేటు వ్యాపారానికి పోటీ అవుతుందని అమెరికా చట్టసభ కాంగ్రెస్ అడ్డుపడింది. తర్వాత వచ్చిన పరిశ్రమలు నిలబడలేదు. తోటలు పండాయి, జేబులు నిండలేదు. చివరికి ఆ ఊళ్లో జీతాలు కనబడింది రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిన పనులతోనే. 1947 నాటికి ప్రభుత్వం అక్కడి ఆస్తులు అమ్మేసి చేతులు దులుపుకుంది.

మందులు, పన్నులు, పిల్లల చదువు, పాడైన ఇన్వర్టర్ బోర్డు, ఇవేవీ మట్టిలో మొలవవు. అడవిలో చెక్క ఇల్లు కట్టుకుని హాయిగా ఉన్నామని వీడియోలు పెట్టేవాళ్లలో చాలామందికి అసలు పంట ఆ వీడియోలే. తప్పేం కాదు, కానీ చూసేవాళ్లు ఆ పద్దును లెక్కలో వేసుకోవాలి.

ఇక, వెళ్లినవాళ్లు వెళ్లాక ఉండిపోయినవాళ్ల మాటేమిటి? ఈ ప్రశ్నకు జవాబు పాకిస్తాన్‌లో దొరుకుతుంది. అక్కడ కరెంటు ధరలు తట్టుకోలేక జనం ప్యానెళ్ల మీద పడ్డారు. 2024 ఒక్క ఏడాదిలోనే దాదాపు 17 వేల మెగావాట్ల ప్యానెళ్లు దిగుమతి అయ్యాయి. కానీ విద్యుత్ కేంద్రాలకు, కరెంటు వాడినా వాడకపోయినా కట్టాల్సిన స్థిర చార్జీలు ఒప్పందాల ప్రకారం అలాగే ఉన్నాయి. స్తోమత ఉన్నవాళ్లు పక్కకు తప్పుకున్నకొద్దీ ఆ బరువు మిగిలినవాళ్ల మీద పడుతుంది. వాళ్ల బిల్లు పెరిగితే వాళ్లలో ఇంకొందరు తప్పుకుంటారు. అలాగని తప్పుకున్నవాళ్లను తప్పుపట్టలేం, ధర పెంచిన విధానాన్నే అడగాలి. అయినా స్వయం సమృద్ధిని ఒక్క ఇంటి లెక్కగా మాట్లాడేవాళ్లు ఈ పక్కింటి లెక్కను ఎప్పుడూ ఎత్తరు.

కాబట్టి కరెంటు కనెక్షన్ ఉంచుకోమనే నా సలహా. అప్పు చేసి గ్రిడ్ వదలడమంటే పెనం మీద నుంచి పొయ్యిలో పడటమే. వాడకం తగ్గించుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుంది, అప్పు వాయిదా మాత్రం పైసా తగ్గదు. ముందు అప్పులు తీర్చుకోవాలి, తర్వాత వాడకం తగ్గించుకోవాలి, ఆ తర్వాత రాత్రికి సరిపడా చిన్న బ్యాటరీ. మడి మాత్రం జీతం వస్తున్న రోజుల్లోనే వేయాలి. నేల గుణం, నీటి తడి, ఏ పురుగు ఎప్పుడొస్తుంది అన్నవి తెలిసేసరికి రెండు మూడేళ్లు పడుతుంది, అప్పటిదాకా పంటలో సగం పురుగులదే.