ఫిట్స్ మాత్ర రాసిన రోజే చెప్పాల్సిన మాట

ఆడపిల్లకు మూర్ఛ మందు రాసేటప్పుడు, గర్భం వస్తే అది కడుపులో బిడ్డకు చేయగల హాని సంగతి మొదటి చీటీ రోజే చెప్పాలి. పెళ్లి కుదిరాక కాదు, నెల తప్పాక అసలే కాదు. మన దగ్గర చాలామందికి ఈ విషయం తెలిసేది మూడో నెలలో, గైనకాలజిస్టు పాత చీటీలు తిరగేసినప్పుడే. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి అనుమానం కూడా రాదు.

నేను ముఖ్యంగా చెబుతున్నది సోడియం వాల్‌ప్రోయేట్ గురించి. డైవాల్‌ప్రోయెక్స్ అని రాసినా అదే మందు. మైగ్రేన్‌కూ, బైపోలార్ అనే మానసిక సమస్యకూ కూడా రాస్తారు కాబట్టి ‘మాకు మూర్ఛ లేదు కదా’ అని ఈ పోస్టు దాటేయకండి. గర్భంలో ఈ మందు ప్రభావానికి గురైన ప్రతి 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి పుట్టుకతోనే లోపాలు ఉంటున్నాయి: వెన్ను చీలిక, గుండె లోపాలు, గ్రహణమొర్రి. మామూలుగా ఆ సంఖ్య 2, 3 మాత్రమే. నన్ను అంతకన్నా కలచివేసేది ఇంకొకటి. 100 మందిలో 30 నుంచి 40 మందికి మాట, నడక, చదువు వెనకబడవచ్చు. ఆటిజం ముప్పు కూడా ఎక్కువే. ఇవి గర్భంలో బిడ్డ అవయవాలు చూసే ఏ టిఫా స్కాన్‌లోనూ కనిపించవు. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఫోలిక్ యాసిడ్ వేసుకోవాల్సిందే, కానీ అది ఈ ముప్పును తుడిచేయలేదు. గ్రహణం నాడు కూరగాయలు తరిగిందని కోడలిని ఏళ్ల తరబడి దెప్పిపొడిచే ఇళ్లలో, ఆమె మింగిన మాత్ర ఏమిటని ఒక్కరూ అడగరు.

ఈ మందు 1967లో మొదట ఫ్రాన్స్‌లో మార్కెట్లోకి వచ్చింది. అక్కడే మారీన్ మార్టిన్ అనే తల్లి తన ఇద్దరు పిల్లలకు జరిగింది తెలుసుకుని, 2011లో బాధిత కుటుంబాలతో సంఘం పెట్టి పోరాడింది. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి 55 ఏళ్లలోపు వారికి కొత్తగా ఈ మందు మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు ఒప్పుకోవాలి. అంతకుముందు ఏడాదే అక్కడ ఇంకో నియమం తెచ్చారు: వాల్‌ప్రోయేట్‌ను కంపెనీ పెట్టె విప్పకుండా, హెచ్చరికతో సహా ఇవ్వాలి. మన మందుల షాపులో ఏం జరుగుతుందో చూడండి. కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి, పది మాత్రలు కాగితం కవర్లో వేసి, కవరు మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని పెన్నుతో గీత గీసి ఇస్తారు. పెట్టె, అందులోని కాగితం షాపులోనే ఉండిపోతాయి.

దీనికి తోడు పెళ్లి భయం. 1955 హిందూ వివాహ చట్టంలో మూర్ఛ కూడా పెళ్లికి అడ్డంకిగా ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. అయినా మా బంధువుల అమ్మాయి విషయంలో వాళ్లమ్మ డాక్టరుతో అన్నమాట ఇది: “డాక్టరు గారూ, సంబంధాలు చూస్తున్నాం, చీటీ మీద ఫిట్స్ అని మాత్రం రాయకండి.” ఆయన సరేనన్నారు. పిల్లల ప్రస్తావన రాలేదు. పక్కనే కూర్చున్న అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు. మాత్రలను విటమిన్ సీసాలో పోసుకుని అత్తారింటికి వెళ్లింది. చాటుగా వేసుకునే మందు తప్పిపోక ఏమవుతుంది? తప్పిపోయింది, ఫిట్స్ తిరగబెట్టాయి.

అందుకే గట్టిగా చెబుతున్నాను, ఇది చదివి ఎవరూ మాత్ర ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే వచ్చే ఫిట్స్ తల్లి ప్రాణానికీ, బిడ్డకూ ప్రమాదం. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ లాంటి మందులతో బిడ్డకు ముప్పు చాలా తక్కువ. వాటికి మారడానికి నెలలు పడుతుంది, గర్భం వచ్చాక లామోట్రిజిన్ మోతాదు పెంచాల్సి రావచ్చు. కార్బమజెపిన్, ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందులు వాడేవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. వాల్‌ప్రోయేట్ తప్ప మరేదీ పనిచేయని ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ నిర్ణయం అన్నీ తెలిసి ఆమె తీసుకోవాలి.

మూర్ఛ ఉన్న తల్లుల్లో ఎక్కువ మందికి ఆరోగ్యంగానే పిల్లలు పుడతారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర వైద్య సంస్థ 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు నమోదు చేస్తోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అలాంటి పనికి డబ్బు పెట్టాలి. న్యూరాలజిస్టులూ, వాల్‌ప్రోయేట్ రాసే ముందు తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, ఆ అమ్మాయితో నేరుగా మాట్లాడండి.